కాగితంలో లేని ప్రశ్న

అమెరికాలో ఎంఎస్‌లో చేరిన మూడో వారం అది. రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. యూనివర్సిటీ డైనింగ్ హాల్లో ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేస్తామని మెయిల్ వచ్చింది. ఓ సీనియర్ పది ప్రశ్నలకు జవాబులు రాసిచ్చాడు. రెండు రాత్రులు కూర్చుని వాటిని బట్టీ పట్టాను. మధ్యలో మర్చిపోతానేమోనని ఆ కాగితాలను గోడకు అంటించుకున్నాను.

ఫోన్ మోగింది. మీ గురించి చెప్పండి అన్నారు అవతలావిడ. గోడ వైపు చూస్తూ ఆగకుండా అప్పజెప్పేశాను. ఆవిడ ఓపికగా విన్నారు. అంతలో వంటింట్లో కుక్కర్ కూత వేసింది. "ఏదో ఉడుకుతున్నట్టుందే, ఏం వండుతున్నారు?" అని ఆప్యాయంగా అడిగారు. నా గొంతు తడారిపోయింది. ఆ ప్రశ్న కాగితంలో లేదు. పప్పు అని చెప్పి, మా ఇంట్లో ఎలా చేస్తామో రెండు ముక్కలు చెబితే సరిపోయేది. నేను మాత్రం సారీ చెప్పి, గోడ మీది రెండో జవాబు అందుకున్నాను. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

ఏడాది గడిచాక లైబ్రరీలో స్టూడెంట్ సూపర్‌వైజర్‌గా చేరాను. కొత్తగా వచ్చే విద్యార్థులకు ఫోన్ చేసి మాట్లాడే పని నాకు అప్పగించారు. అవతలి కుర్చీలో కూర్చున్నాకే నాకు ఒక సంగతి బోధపడింది. చదివే జవాబేదో, మనసులోంచి వచ్చే జవాబేదో మొదటి రెండు వాక్యాల్లోనే తెలిసిపోతుంది. ఎదురుగా ఉంటే చిరునవ్వు, కళ్లు, కూర్చున్న తీరు మనిషిని కొంత కాపాడతాయి. ఫోన్‌లో ఉన్నది గొంతు ఒక్కటే. అది కాగితం చదువుతుంటే దాచుకోవడానికి చోటు ఉండదు.

సిద్ధపడటం అంటే జవాబులు కంఠస్థం చేయడమని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైంది. ఫోన్ ఇంటర్వ్యూకి కావలసిన సిద్ధపాటు వేరు. మీ జీవితంలోంచి చెప్పదగిన సంగతులను ముందే వెతికి పెట్టుకోవడం, వాటిని ఏ వరుసలో అడిగినా చెప్పగలగడం. ఈ అధ్యాయమంతా ఆ సాధన గురించే.

అవతలివారికి కావలసింది

క్యాంపస్‌లో విద్యార్థులకు దొరికే పనులు మనకు తెలిసినవే. లైబ్రరీ ఫ్రంట్ డెస్క్, డైనింగ్ హాల్, ఐటీ హెల్ప్ డెస్క్, రిక్రియేషన్ సెంటర్, ట్యూటరింగ్. వీటికి ఫోన్ చేసే సూపర్‌వైజర్‌కు నాలుగే బెంగలు. ఆదివారం సాయంత్రం ఆరింటి షిఫ్ట్‌కు పేరు రాస్తే ఆ మనిషి వస్తాడా? రాలేకపోతే ముందుగా చెబుతాడా? చిరాకుగా ఉన్న మనిషితో మర్యాదగా మాట్లాడతాడా? తెలియనిది తెలియదని అడుగుతాడా?

ప్రశ్నలు ఎన్ని రకాలుగా వచ్చినా వాటి వేరు ఈ నాలుగింట్లోనే ఉంటుంది. కాబట్టి మీ ఇంగ్లిష్‌కు మార్కులు వేయడానికి ఫోన్ చేస్తున్నారన్న భయం వదిలేయండి. సూపర్‌వైజర్ తన షిఫ్ట్‌ల పట్టికలో ఒక ఖాళీ పూరించుకోవాలి. ఆ ఖాళీకి మీరు సరిపోతారన్న నమ్మకం కలిగించడమే మీ పని.

నిబంధనలు ముందే తెలుసుకోండి

ఎఫ్1 వీసా మీద ఉన్న విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. సెలవుల్లో పూర్తి సమయం చేయవచ్చు. అమెరికాలో పని చేసే అర్హత ఉందా అని ఫోన్‌లో తప్పకుండా అడుగుతారు. తడుముకోకండి. ఎఫ్1 విద్యార్థినని, క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసే వీలుందని ఒక్క వాక్యంలో చెప్పండి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా లేకపోయినా కంగారు పడనక్కర్లేదు. ఉద్యోగం ఖాయమయ్యాక సూపర్‌వైజర్ ఇచ్చే లేఖ, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఇచ్చే లేఖ పట్టుకెళ్లి దరఖాస్తు చేసుకోవచ్చు. పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 మాత్రం ఒకచోట పెట్టుకోండి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9 ఫారం నింపడానికి అవి కావాలి.

ఉద్యోగ ప్రకటనలో 'ఫెడరల్ వర్క్ స్టడీ' తప్పనిసరి అని ఉంటే అది మన కోసం కాదు. 1964లో మొదలైన ఆ పథకం ఆర్థిక అవసరం ఉన్న అమెరికా పౌరులకు, శాశ్వత నివాసుల వంటి కొన్ని వర్గాలకే వర్తిస్తుంది. ఆ మాట గమనించక పదుల కొద్దీ దరఖాస్తులు పెట్టి, పిలుపు రాలేదని కుంగిపోయిన వాళ్లను చూశాను. అది వాళ్ల లోపం కాదు.

ఇంకొక మాట మనసారా చెబుతున్నాను. ఫీజుల ఒత్తిడి ఎంత ఉన్నా, అనుమతి లేకుండా బయట చేతికి నగదు ఇచ్చే పనులకు వెళ్లకండి. దొరికితే పోయేది ఆ జీతం ఒక్కటే కాదు. ఇంట్లోవాళ్లు అప్పుచేసి పంపిన చదువే ప్రమాదంలో పడుతుంది.

మూడు అనుభవాలు వెతకండి

"నాకు అనుభవం ఏమీ లేదండీ, ఇప్పుడే బీటెక్ అయింది." ఫోన్‌లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఇంకాస్త మాట్లాడితే అదే అబ్బాయి నాలుగేళ్లు హాస్టల్ మెస్ లెక్కలు చూశాడని తేలేది. ఇంకో అమ్మాయి ఎన్ఎస్ఎస్ రక్తదాన శిబిరంలో రోజంతా పేర్లు రాసిందని తెలిసేది. నాన్న కిరాణా కొట్లో కూర్చోవడం, కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నిలబడటం, వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పడం, అక్క పెళ్లిలో భోజనాల లెక్క చూడటం, ఇవన్నీ పనులే. జీతం రాలేదు కాబట్టి అనుభవం కాదని మనమే వాటిని పక్కన పడేస్తున్నాం.

ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఒక చిక్కు వచ్చి మీరు దాన్ని తీర్చిన సందర్భం. రెండో దాంట్లో కోపంగానో కంగారుగానో ఉన్న మనిషితో మీరు వ్యవహరించిన సందర్భం. మూడో దాంట్లో మీరు పొరపాటు చేసి, దాన్ని దిద్దుకున్న సందర్భం. వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి ఈ మూడింట్లో ఏదో ఒకటి జవాబవుతుంది.

ఒక్కో అనుభవాన్ని నాలుగు మెట్లలో చెప్పాలి. పరిస్థితి ఏమిటి, అందులో మీ బాధ్యత ఏమిటి, మీరు ఏం చేశారు, చివరికి ఏమైంది. అమెరికాలో దీన్ని స్టార్ పద్ధతి అంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు జరిగిన సంగతి చెప్పే వరుసా ఇదే. తేడా ఏమిటంటే, ఇంట్లో చెప్పేటప్పుడు మనం పరిస్థితి దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాం. ఇక్కడ ఎక్కువ సమయం మూడో మెట్టుకు, అంటే మీరు చేసిన పనికి ఇవ్వాలి.

ఉదాహరణకు, కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడతారని అడిగారనుకోండి. మొదటి రకం జవాబు ఇలా ఉంటుంది: "నాకు ఓపిక ఎక్కువ. కమ్యూనికేషన్ స్కిల్స్ బాగుంటాయి. ఎలాంటి కస్టమర్‌నైనా సంతృప్తి పరుస్తాను." వినేవారికి ఇందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఎవరైనా చెప్పగలిగిన మాటలు ఇవి.

రెండో రకం చూడండి: "మా నాన్నకు ఖమ్మంలో కిరాణా కొట్టు ఉంది. సంక్రాంతి ముందు రోజు రద్దీలో కౌంటర్ నేను చూస్తున్నాను. ఒక పెద్దాయన తిరిగొచ్చి, చిల్లర వంద రూపాయలు తక్కువ ఇచ్చావని గట్టిగా అరిచారు. ముందు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. ఆయన బిల్లు ఆయన ముందే మళ్లీ లెక్కకట్టాను. పొరపాటు నాదే. వంద తిరిగిచ్చి క్షమించమన్నాను. అప్పటి నుంచి చిల్లర ఇచ్చేటప్పుడు పైకి లెక్కపెట్టి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. ఆయన ఇప్పటికీ మా కొట్టుకే వస్తారు."

నిమిషం కూడా పట్టని ఈ జవాబులో ఓపిక ఉంది, నిజాయితీ ఉంది, నేర్చుకునే గుణం ఉంది. వాటి పేర్లు ఎక్కడా ఎత్తలేదు. వినేవాళ్లే వాటిని పోల్చుకుంటారు. ఇది బట్టీ పట్టాల్సిన పని కూడా లేదు. జరిగింది కాబట్టి గుర్తుంటుంది. "మరి ఆ రోజు మీ నాన్న ఏమన్నారు?" అని కాగితంలో లేని ప్రశ్న అడిగినా చెప్పగలరు.

ఖాళీ సమయం అడిగితే

ఎప్పుడెప్పుడు పని చేయగలరు అన్నది తప్పకుండా వచ్చే ప్రశ్న. మనవాళ్లలో చాలామంది "ఎనీటైమ్" అంటారు. ఉత్సాహం చూపించాలన్నది ఉద్దేశం. సూపర్‌వైజర్‌కు మాత్రం మీరు మీ తరగతుల పట్టిక చూసుకోలేదని వినిపిస్తుంది. ఫోన్ రాకముందే వారం మొత్తం గీసుకోండి. తరగతులు, ల్యాబ్, బస్సు ప్రయాణం తీసేయండి. మిగిలినది స్పష్టంగా చెప్పండి: సోమ, బుధవారాలు సాయంత్రం 5 నుంచి 9, శనివారం రోజంతా. శని, ఆదివారాలు రాగలిగితే ఆ మాట మీరే ముందుగా చెప్పండి. ఎక్కువ మంది తప్పించుకునే షిఫ్ట్‌లు అవే.

ఈ పనే ఎందుకు అన్న ప్రశ్నకు డబ్బు అవసరాన్ని దాచక్కర్లేదు, అదొక్కటే చెప్పి ఆపకూడదు. ముందు రోజు ఆ చోటుకు వెళ్లి ఓ అరగంట కూర్చుని చూడండి. ఫ్రంట్ డెస్క్ దగ్గర ఎలాంటి వాళ్లు వస్తున్నారు, ఏం అడుగుతున్నారు, అక్కడున్న విద్యార్థి ఏం చేస్తున్నాడు. చూసిన ఒక్క సంగతి చెబితే, ఇంటర్నెట్‌లో చదివిన పది వాక్యాల కంటే ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

ఫోన్‌లో మన ఇంగ్లిష్

టెలిఫోన్ వ్యవస్థ మొదట్లో సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులను మోసుకెళ్లేలా తయారైంది. మాట అర్థమవడానికి అది చాలు. 'ఎస్', 'ఎఫ్' వంటి ధ్వనుల బలం మాత్రం చాలావరకు అంతకు పైన ఉంటుంది. ఇప్పటికీ చాలా కాల్స్‌లో ఆ పై భాగం తెగిపోతుంది. అందుకే ఎదురుగా స్పష్టంగా వినిపించే మాట ఫోన్‌లో అనుమానంగా వినిపిస్తుంది. ఇది మీ గొంతు తప్పు కాదు, యాస తప్పు అంతకన్నా కాదు. మందు ఒకటే, నెమ్మదిగా మాట్లాడటం. కంగారులో మన వేగం రెట్టింపవుతుంది. ఒక్కో వాక్యం తర్వాత ఒక్క క్షణం ఆగండి.

తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మన నోట బస్సు అవుతుంది, డెస్క్ డెస్కు అవుతుంది. ఎదురుగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఫోన్‌లో మాత్రం మాట చివర చేరిన ఆ 'ఉ' వల్ల ఇంకో మాట మొదలైందేమోనని వినేవారు తికమకపడవచ్చు. మీ రెజ్యూమేలో తరచూ వచ్చే పదిహేను పదాలు రాసుకుని, చివర అచ్చు చేరకుండా పలికి చూడండి. యాస మార్చుకోవడానికి ప్రయత్నించకండి. అరువు యాస మీద దృష్టి పెట్టినవాడికి చెప్పే విషయం మీద దృష్టి నిలవదు.

మనకు మాత్రమే తెలిసిన ఇంగ్లిష్ కొంత ఉంది. 2024లో 'పాసౌట్' అయ్యానంటే అక్కడివాళ్లు స్పృహ తప్పిందనుకుంటారు. గ్రాడ్యుయేట్ అయ్యానని చెప్పండి. 'డౌట్' ఉందంటే వాళ్ల మాట మీద అనుమానం ఉన్నట్టు వినిపిస్తుంది. క్వశ్చన్ ఉందనాలి. 'ప్రీపోన్' వాళ్లకు తెలియదు. లక్షల్లో లెక్క చెబితే అర్థం కాదు. 'ఫ్రెషర్' అంటే డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థి అనుకోవచ్చు. ఫిఫ్టీ, ఫిఫ్టీన్ తేడా తెలియాలంటే అంకెలు విడివిడిగా వన్ ఫైవ్ అనండి.

పేరు విషయం కూడా ముందే తేల్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, రెండు మూడు దేవుళ్ల పేర్లు కలిసి పెద్ద వరుస ఉంటుంది. అవతలివారు దాన్ని పలకలేక ఇబ్బంది పడతారు. మొదట్లోనే "నన్ను సాయి అని పిలవండి" అంటే ఇద్దరికీ హాయి. అక్షరాలు చెప్పాల్సి వస్తే వి ఫర్ విక్టర్, డి ఫర్ డెల్టా అంటూ మాటతో జోడించండి. మీరు కూడా వాక్యానికోసారి సర్, మేడమ్ అనాల్సిన పని లేదు. వాళ్లు చెప్పిన పేరుతోనే పిలవండి. అక్కడ అది అమర్యాద కాదు.

ఆ రోజు

టైమ్ జోన్ రెండుసార్లు సరిచూసుకోండి. కొందరికి విమానం ఎక్కకముందే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండగా కాల్ వస్తుంది. ఆగస్టులో న్యూయార్క్ కంటే మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. అక్కడ ఉదయం పదైతే ఇక్కడ రాత్రి ఏడున్నర. అదే డల్లాస్‌లో పదైతే ఇక్కడ ఎనిమిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అరిజోనాలో దాదాపు ఎక్కడా గడియారం మార్చరు. మెయిల్‌కు జవాబిచ్చేటప్పుడే "మీ సమయం ప్రకారం మధ్యాహ్నం రెండు గంటలకు" అని రాసి ఖాయం చేసుకోండి.

వాయిస్ మెయిల్ మనకు అలవాటు లేదు, అక్కడ దాని మీదే పని నడుస్తుంది. పేరు చెప్పి, సందేశం వదలమని కోరే రెండు వాక్యాలు రికార్డు చేసి పెట్టండి. దరఖాస్తు చేసిన వారాల్లో తెలియని నంబర్లను కొట్టిపారేయకండి. ఎత్తినప్పుడు బస్సులో ఉంటే, పది నిమిషాల్లో తిరిగి చేయవచ్చా అని అడగండి. చాలామంది సరే అంటారు.

చోటు ముఖ్యం. నలుగురున్న గదిలో ఎంత బతిమాలినా ఒక కుర్చీ జరుగుతుంది, ఒక కుక్కర్ కూస్తుంది. లైబ్రరీలో స్టడీ రూమ్ ముందుగా బుక్ చేసుకోండి. సిగ్నల్ ఉందో లేదో ముందు రోజే అక్కడి నుంచి ఎవరికైనా ఫోన్ చేసి చూడండి. బల్ల మీద రెజ్యూమే, ఉద్యోగ ప్రకటన, మీ ఖాళీ సమయాల పట్టిక, మూడు అనుభవాలకు మూడేసి మాటల గుర్తులు, ఒక పెన్ను, మంచినీళ్లు. పూర్తి వాక్యాలు రాసుకోవద్దు. వాక్యం కనిపిస్తే కళ్లు చదవకుండా ఉండలేవు. వీలైతే నిలబడి మాట్లాడండి, గొంతు తేటగా వస్తుంది.

మాట్లాడేటప్పుడు

మొదటి నిమిషం వాతావరణం గురించో, తరగతులు ఎలా ఉన్నాయనో అడుగుతారు. అది వృథా మాట కాదు. మీతో నాలుగు గంటల షిఫ్ట్ పంచుకోవడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసేది అక్కడే. నిజమైన జవాబు చెప్పి, మీరెలా ఉన్నారని తిరిగి అడగండి.

ప్రశ్న అర్థం కాకపోతే మరోసారి చెప్పమనండి. ఊహించి చెప్పిన జవాబు కంటే అది ఎంతో మేలు. పైగా పనిలోనూ తెలియనిది అడుగుతారని వాళ్లకు భరోసా. ఆలోచించుకోవాలంటే ఒక్క క్షణం ఇవ్వమనండి. ముఖం కనబడదు కాబట్టి ఆ మాట అనకుండా ఊరుకుంటే లైన్ తెగిందనుకుంటారు. మీ జవాబు అయ్యాక ఆగిపోండి. అవతల నిశ్శబ్దం ఉంటే వాళ్లు రాసుకుంటున్నారని అర్థం. దాన్ని నింపాలని మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టకండి.

మీ బదులు స్నేహితుడి చేత మాట్లాడించాలనో, తెర మీద పుట్టే జవాబు చూసి చదవాలనో సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. ఫోన్ మీద ఒక మనిషిని ఎంచుకుని, షిఫ్ట్‌కు మరో మనిషి వస్తే మొదటి రోజే తెలిసిపోతుంది. ఆ మచ్చ మీ ఒక్కరితో ఆగదు. మన ఊళ్ల నుంచి తర్వాత వచ్చే పిల్లల్ని కూడా అనుమానంగా చూసేలా చేస్తుంది.

చివర్లో మీకేమైనా ప్రశ్నలున్నాయా అంటారు. రెండు దాచి ఉంచుకోండి. మొదటి వారం ఏం నేర్పిస్తారు? ఈ పనిలో బాగా రాణించిన విద్యార్థులు ఏం చేసేవారు? జవాబు శ్రద్ధగా వినండి. ఆ సాయంత్రమే మూడు వాక్యాల ధన్యవాదాల మెయిల్ పంపండి. ఇంటర్వ్యూ పేరుతో బ్యాంకు వివరాలో, ముందస్తు డబ్బో అడిగితే అది మోసమే. ఫోన్ పెట్టేసి యూనివర్సిటీ కార్యాలయానికి చెప్పండి.

మూడు ఫోన్లు

ఇప్పుడు సాధన. అద్దం ముందు నిలబడి మాట్లాడటం కంటే ఫోన్ చేయడం మంచిది, ఎందుకంటే పరీక్ష జరిగేది అందులోనే.

మొదటి ఫోన్ ఇంటికి. అమ్మకో నాన్నకో చేసి, మీ మూడు అనుభవాలు తెలుగులో చెప్పండి. మాతృభాషలో చెప్పేటప్పుడు నటన కలవదు. ఏది నిజంగా జరిగిందో, అందులో మీ వంతు ఎంతో తేలిపోతుంది. మీరు మరిచిపోయిన సంగతులు వాళ్లు గుర్తు చేస్తారు. "కరెంటు పోయిన రాత్రి అందరి ఇళ్లకూ కొవ్వొత్తులు పంచావు కదరా" అని అమ్మ అంటే, మీ మొదటి గడి నిండినట్టే.

రెండో ఫోన్ స్నేహితుడికి, ఇంగ్లిష్‌లో. పక్క గదిలో ఉన్నా ఫోన్‌లోనే మాట్లాడండి. రికార్డు చేసుకుని ఒకసారి వినండి. ఎక్కడ పరుగెత్తుతున్నారో మీకే తెలుస్తుంది.

మూడోది యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌కు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగా మాక్ ఇంటర్వ్యూలు పెడతారు. ఒక్క మెయిల్ రాస్తే సమయం ఇస్తారు. మనవాళ్లు చాలామంది ఆ గుమ్మం తొక్కకుండానే చదువు ముగించేస్తారు. మీరు తప్పక వెళ్లండి.

ఎవరైనా పిల్లలు సాధన కోసం నాకు ఫోన్ చేస్తే అన్ని ప్రశ్నలూ అయ్యాక ఒకటి అడుగుతాను. "ఈ రోజు ఏం వండుకున్నారు?" కొందరు ఉలిక్కిపడి ఆగిపోతారు. వాళ్లతో ఇంకోసారి కూర్చుంటాను. కొందరు నవ్వేసి, ఉప్పు ఎక్కువైన పప్పు గురించో, కందిపప్పు కోసం రెండు బస్సులు మారిన సంగతో చెప్పడం మొదలుపెడతారు. గొంతులో తొందర పోతుంది, మాట తీరుబాటుగా వస్తుంది. ఆ గొంతుతోనే రేపు ఫోన్ ఎత్తమని చెప్పి పెట్టేస్తాను.